ఒకే చిత్రం, రెండు తీర్పులు

కొత్త చిత్రం విడుదలైన మరునాడు మన కళాశాల గ్రంథాలయంలో పత్రికల బల్ల దగ్గర కూర్చున్నవారికి ఒక వినోదం ఉచితంగా లభిస్తుంది. ఒక తెలుగు దినపత్రిక ఆ చిత్రాన్ని ఆకాశానికెత్తుతుంది. పక్కనే ఉన్న మరో పత్రిక రెండున్నర గంటల కాలం వృథా అయిందని వాపోతుంది. ఉర్దూ పత్రిక తిరగవేస్తే అక్కడ మూడవ అభిప్రాయం కనిపిస్తుంది. "వీళ్లలో ఒక్కరికీ సినిమా తెలియదు" అని తీర్మానించి మన విద్యార్థి మిత్రులు టిక్కెట్టు కొనడానికి బయలుదేరుతారు. హైదరాబాదుకు సుమారు నూరు కిలోమీటర్ల దూరాన, బొంబాయి రహదారి మీద, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న జహీరాబాదులో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, లంబాడీ మాటలు ఒకే బజారులో వినిపిస్తాయి. ఒక్క సంగతిని పలు రకాలుగా వినడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అటువంటి మనమే సినిమా విమర్శకులు ఒక్కమాట మీద లేరని విసుక్కోవడం చిత్రంగా ఉంది.

విమర్శకులను ఎగతాళి చేయదలచినవారు సాధారణంగా మూడు చిత్రాల పేర్లు చెబుతారు. మొదటిది "షోలే". 1975 ఆగస్టు 15న విడుదలైన ఈ చిత్రాన్ని చూసి తొలివారంలో చాలామంది విమర్శకులు పెదవి విరిచారు. పెట్టుబడి తిరిగి రాదని వ్యాపారవర్గాలు జోస్యం చెప్పాయి. ఆ చిత్రం బొంబాయి మినర్వా థియేటరులో ఐదేళ్లకు పైగా ఆడింది. రెండవది కమాల్ అమ్రోహీ "పాకీజా". పదిహేనేళ్లకు పైగా నిర్మాణంలో నలిగి 1972 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు దానికి లభించిన ఆదరణ అంతంత మాత్రమే. మార్చి 31న మీనాకుమారి కన్నుమూసిన తర్వాత జనం తండోపతండాలుగా వచ్చారు. మూడవది మన "శంకరాభరణం". 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఈ చిత్రానికి పేరుమోసిన తారలు లేరు. వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు కథానాయకుడు. కొనేవారు లేక నిర్మాత తిప్పలు పడ్డారు. తొలిరోజుల్లో కుర్చీలు ఖాళీగా ఉండేవి. చూసినవారు ఇంటికి వెళ్లి చెప్పిన మాటే ప్రకటన అయింది. కర్ణాటక సంగీతంలో సంప్రదాయ శిక్షణ లేని బాలసుబ్రహ్మణ్యం గారికి ఆ పాటలే తొలి జాతీయ పురస్కారాన్ని తెచ్చిపెట్టాయి.

ఈ మూడింటినీ చూపి విమర్శకుడు ఓడిపోయాడంటారు. ఈ వాదంలో నాకు ఒక లోపం కనిపిస్తుంది. చిత్రం ఎన్ని రోజులు ఆడుతుందో చెప్పడం విమర్శకుని పని అని ఎవరు నిర్ణయించారు? అది పంపిణీదారుని పని. అతడు కూడా ముప్పాతిక మువ్వీసం తప్పులే చేస్తాడు. "షోలే"లో హింస ఎక్కువైందని 1975లో ఒకరు రాసి ఉంటే, ఐదేళ్లు ఆడినంత మాత్రాన ఆ హింస తగ్గిపోదు. థియేటరు నిండటం ఒక నిజం, చిత్రంలో ఏమున్నదనేది మరొక నిజం. రెండింటినీ ఒకే త్రాసులో వేస్తే రెండూ తప్పుగానే తూగుతాయి.

ఇటీవలి కాలంలో ఈ విషయాన్ని మనకు బాగా నేర్పిన ఉదాహరణ ఒకటుంది. దానిని తీరికగా పరిశీలించాలి. 2017 ఆగస్టు 25న "అర్జున్ రెడ్డి" విడుదలైంది. వరంగల్లు వాడైన సందీప్ రెడ్డి వంగా దర్శకుడు. తెలుగు విమర్శకుల్లో అధికసంఖ్యాకులు దానిని కొత్తదనానికి ప్రతీకగా కీర్తించారు. నటన సహజంగా ఉందన్నారు, సంభాషణ బతికిన మాటలా ఉందన్నారు. అవి అబద్ధాలు కావు. అంతకుముందు గోడపత్రికల మీద ముద్దు దృశ్యం గురించీ, ఒక తిట్టుమాట గురించీ కొంత రగడ జరిగింది. రెండేళ్లు గడవక ముందే, 2019 జూన్ 21న, అదే దర్శకుడు అదే కథను "కబీర్ సింగ్" పేరుతో హిందీలో తీశాడు. దృశ్యాలు దాదాపు అవే. కథానాయకుడు వైద్యవిద్యార్థి, కొత్తగా చేరిన అమ్మాయిని ఆమె సమ్మతితో నిమిత్తం లేకుండా తనదిగా తరగతి గదిలో ప్రకటిస్తాడు, అనుమతి అడగకుండా ముద్దు పెట్టుకుంటాడు, మరొక స్త్రీని కత్తి చూపి బెదిరిస్తాడు. హిందీ, ఇంగ్లీషు విమర్శకులు పెద్దసంఖ్యలో నిప్పులు చెరిగారు. జనం మాత్రం ఆ సంవత్సరపు అత్యధిక వసూళ్ల హిందీ చిత్రాల్లో ఒకటిగా దానిని నిలబెట్టారు.

ఒకే కథకు రెండు తీర్పులు ఎలా వచ్చాయి? ఆ రెండేళ్ల మధ్య దేశంలో ఒక మార్పు జరిగింది. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు ఫిలిం ఛాంబరు ఎదుట ఒక నటి చేసిన నిరసన యావత్ తెలుగుదేశాన్ని కలవరపరచింది. ఆ శరదృతువులో బొంబాయిలో పలువురు స్త్రీలు నోరు విప్పారు. తెరమీది కథానాయకుణ్ణి చూసే చూపు మారింది. 2017లో "ప్రేమావేశం" అనిపించినదాన్ని 2019లో "దౌర్జన్యం" అని పిలిచారు. చిత్రం మారలేదు, దానిని కొలిచే గజం మారింది. తెలుగు విమర్శకులు తొలుత రాసిన సమీక్షలను తిరిగి చదివితే, అమ్మాయి పాత్ర మౌనాన్ని గురించి వాటిలో ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెట్టండి. వ్రేళ్లు మిగిలిపోతాయి. నా మాట హిందీ విమర్శకులకు జేజేలు పలకడానికి కాదు. వారిలో కొందరు ఆ చిత్రంలోని నటనాపటిమను గుర్తించడానికి సైతం నిరాకరించారు, అదీ లోపమే. అయితే రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదివిన పాఠకునికి, ఏ ఒక్కటీ ఇవ్వలేని జ్ఞానం లభించింది. అభిప్రాయభేదం వల్ల ప్రయోజనం ఇది.

ఈ ప్రయోజనం నెరవేరాలంటే విమర్శకుడు తన తీర్పుకు కారణం చెప్పాలి. మన పూర్వులు చెప్పేవారు. "చందమామ"ను దీర్ఘకాలం తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు సినిమాలను గురించి విస్తారంగా రాశారు. ఆంధ్రపత్రికలో సమీక్షలు రాసి నిర్మాతలకు చురకలంటించిన ముళ్లపూడి వెంకటరమణ గారు తరువాత తానే 1962లో "రక్తసంబంధం"కు సంభాషణలు రాశారు, 1967లో బాపు గారితో "సాక్షి"కి పనిచేశారు. ఉర్దూ పాఠకులకు చిరపరిచితుడైన ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ గారి దారీ అదే. "బాంబే క్రానికల్"లో చిత్రాలను విమర్శిస్తూ ఉండి, 1941లో "నయా సంసార్"కు కథ అందించి, 1946లో "ధర్తీ కే లాల్" తీశారు, "ఆవారా" రాశారు. విమర్శించడం వేరు, తీయడం వేరు అని ఎత్తిపొడిచేవారికి ఈ ఇద్దరూ బతికుండగానే సమాధానం చెప్పారు.

నేటి పరిస్థితి వేరు. అయిదు నక్షత్రాలలో రెండున్నర. ఏ రెండున్నర? సంగీతానికా, నీతికా, నిర్మాణవ్యయానికా? మొదటి ఆట ముగిసీ ముగియకముందే చరవాణిలో తీర్పు వెలువడుతుంది. దీనికి విసిగి తమిళ నిర్మాతలు సమీక్షల మీద నిషేధం కోరగా, 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టు అందుకు నిరాకరించింది. నిరాకరించడమే సబబు. తొందరపాటుకు మందు నోరు నొక్కడం కాదు కదా.

ఇన్ని రకాల సమీక్షలు వస్తున్నా ఒక విషయంలో మాత్రం విమర్శకులందరూ ఆశ్చర్యకరంగా ఏకాభిప్రాయంతో ఉన్నారు. అదే నన్ను బాధిస్తుంది. మన దక్కనీ మాటను గురించి ఎవరూ రాయరు. తెలుగు చిత్రంలో దక్కనీ మాట్లాడే మనిషి అయితే రౌడీ పక్కన నిలబడే అనుచరుడు, లేకుంటే నవ్వించే స్నేహితుడు, మరీ గౌరవిస్తే ప్రాణత్యాగం చేసే ముసలాయన. ఉద్యోగం, అప్పు, పెళ్లికెదిగిన చెల్లెలు, పరీక్ష తప్పిన కొడుకు ఉన్న మామూలు మనిషి కనిపించడం బహు అరుదు. ఒకప్పుడు తెలంగాణ తెలుగుకూ ఇదే గతి పట్టింది. "ఫిదా" (2017), "బలగం" (2023) వంటి చిత్రాలతో ఆ భాషకు తెరమీద పీట దక్కింది. విమర్శకులు కూడా అభినందించారు. దక్కనీకి ఆ పీట వేసినవారు తక్కువ. శ్యామ్ బెనెగల్ "అంకుర్" (1974)లో ఆ భాష పల్లెటూరి గుండెచప్పుడుగా వినిపించింది. 2006లో "ది అంగ్రేజ్" వచ్చి హైదరాబాదు యువకుల నోళ్లలో సామెతలుగా మారింది. హాస్యం బాగుందన్నారు, సరే. ఆ భాషలో హాస్యం తప్ప మరేమీ పండదా అని అడిగిన సమీక్ష నా కంటబడలేదు. మన ఇళ్లలో అదే భాషలో మృత్యువార్తలు చెప్పుకుంటాం, అదే భాషలో బిడ్డలకు జోల పాడతాం.

విమర్శకుల మధ్య భేదాలు ఎక్కువయ్యాయని నేను ఫిర్యాదు చేయను. భేదించవలసిన చోట భేదించడం లేదన్నదే నా ఫిర్యాదు. నగరంలో కూర్చుని రాసేవారికి మన చెవి ఉండదు. ఆ చెవి ఉన్నవారు మనలోనే ఉన్నారు. మన పొరుగున ఉన్న పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో దళిత మహిళా రైతులు కెమెరా పట్టి తమ విత్తనాలను గురించీ, పంటలను గురించీ చిత్రాలు తీశారు. 2008 నుంచి మాచునూరులో వారి సంఘం రేడియో తమ యాసలోనే మాట్లాడుతోంది. బడి మెట్లు ఎక్కనివారు తమను తాము ఎలా చూపించుకోవాలో నిర్ణయించుకున్నప్పుడు, డిగ్రీ చదివే మనం ఇతరులు మనల్ని ఎలా చూపిస్తున్నారో ఒక పుట రాయలేమా?

అందుచేత ఈ వార్షిక సంచిక సంపాదకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది నుంచి ఒక చిత్రాన్ని ఎన్నుకుని, దాని మీద ఒక సమీక్ష తెలుగు విభాగపు విద్యార్థి చేత, మరొకటి ఉర్దూ విభాగపు విద్యార్థి చేత రాయించండి. ఇద్దరూ ముందుగా మాట్లాడుకోకూడదు. ఆ తర్వాత ఒకరి రచనను మరొకరు అనువదించాలి. మొదటి చిత్రంగా "మాభూమి"ని సూచిస్తున్నాను. తెలంగాణ రైతాంగ పోరాటం మీద కృషన్ చందర్ ఉర్దూలో రాసిన "జబ్ ఖేత్ జాగే" నవల ఆధారంగా, బి. నర్సింగరావు గారి నిర్మాణంలో, వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్ 1980లో మనకందించిన తెలుగు చిత్రమది. హైదరాబాదులో ఉదయపు ఆటలుగానే చాలాకాలం ఆడింది. ఉర్దూ విద్యార్థి నవల చదివి చిత్రం చూడాలి, తెలుగు విద్యార్థి చిత్రం చూసి నవల అనువాదం చదవాలి. ఒక్కొక్కరికి నాలుగువందల మాటలు. నక్షత్రాలు వేయరాదు.