మోకాళ్ళకు అప్పుడే పెన్షనా?

"డాక్టరుగారూ! నాకు 43 ఏళ్ళు. బ్యాంకులో కూర్చుని చేసే ఉద్యోగం. మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పి. అరిగిపోయాయని అందరూ అంటే నడక మానేశాను. మంచిదేనా?" అని ఒక పాఠకుడు రాశారు.

మంచిది కాదండీ. ఎందుకో చెప్పేముందు మీకొక ఆటగాణ్ణి పరిచయం చేస్తాను. పేరు పాట్రిక్ మార్లో. కెనడాలో రైతుబిడ్డ. ఆడింది ఐస్ హాకీ. అనగా ఉక్కు అంచుల బూట్లు తొడుక్కుని, మంచుగడ్డ మీద జారుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే ఆట. చూస్తేనే నాకు ఒళ్ళు నొప్పులు! 1997లో 18వ ఏట అమెరికాలోని శాన్‌హోసే జట్టులో చేరాడు. 2021 ఏప్రిల్ 19న, 41 ఏళ్ళ వయసులో 1,768వ మ్యాచ్ ఆడి, ఆ ఆటలో మహానుభావుడైన గార్డీ హోవ్ రికార్డు దాటాడు. మొత్తం 1,779 మ్యాచ్‌లు, 566 గోల్స్.

అయినా ఆయనకు దక్కవలసిన పేరు దక్కలేదు. 2009లో కెప్టెన్ పదవి తీసేశారు. స్టాన్లీ కప్ ఒక్కసారీ అందలేదు. లీగ్ నూరేళ్ళ సందర్భంగా 2017లో ఎంపికైన వందమంది మేటి ఆటగాళ్ళలోనూ ఆయన లేడు. పదవి పోయాక కూడా పన్నెండేళ్ళు ఆడాడు. వరుసగా 910 మ్యాచ్‌లు ఒక్కటీ మానలేదు. (జ్వరంతో ఆఫీసుకు వెళ్ళేవారు దీన్ని ఆదర్శంగా తీసుకోకండి.)

వైద్యుడిగా నేను గమనించేది ఒకటుంది. ఈ ఆటలో ఆటగాళ్ళు సాధారణంగా గంటసేపు ఏకబిగిన ఆడరు. ముప్పావు నిమిషం శక్తికొద్దీ ఆడి, బయటికొచ్చి బల్ల మీద కూర్చుంటారు. ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ దిగుతారు. శ్రమ, విశ్రాంతి, మళ్ళీ శ్రమ. మీరు చేసింది విశ్రాంతి ఒక్కటే! దానివల్ల తొడ కండరాలు సన్నబడతాయి. అవి మోయవలసిన బరువు మోకాలి కీలు మీద పడుతుంది. నొప్పి ఇంకా పెరుగుతుంది.

కనుక గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోండి. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పదిసార్లు. వారానికి మూడు రోజులు చాలు. కష్టమైతే మొదట్లో చేతులు ఆన్చినా తప్పులేదు. నడక చదును నేల మీద పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచండి. మోకాలు వాచినా, పొద్దున్నే అరగంటకు మించి బిగుసుకున్నా, నడుస్తుంటే ఛాతీలో నొప్పి వచ్చినా ఇవి ఆపి వెంటనే డాక్టరుకు చూపించుకోండి.