పేరు ఒక్కటే, కార్డులు రెండు: 8 జీబీ గ్రాఫిక్స్ కార్డుతో ఎవరికి లాభం?

గేమింగ్ కంప్యూటర్ కట్టించుకోవాలనుకునే పిల్లలు ముందుగా అడిగేది ఒక్కటే: ఎన్విడియా తీసుకోవాలా, ఏఎండీ తీసుకోవాలా? ఇంట్లో అబ్బాజాన్‌ను ఒప్పించి నలభై వేలు తెచ్చుకున్న కుర్రాడికి ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. కానీ 2025లో ఈ రెండు కంపెనీలు చేసిన పని చూస్తే, అసలు పేచీ బ్రాండు దగ్గర కాదు, మెమరీ దగ్గర ఉందని అర్థమవుతుంది.

ఎన్విడియా 2025 ఏప్రిల్‌లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐని రెండు రకాలుగా తెచ్చింది. 8 జీబీది 379 డాలర్లు, 16 జీబీది 429 డాలర్లు. జూన్‌లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీని దించింది. అది కూడా రెండు రకాలే: 299, 349 డాలర్లు. రెండు కంపెనీలూ 8 జీబీ కార్డుకు, 16 జీబీ కార్డుకు ఒకే పేరు పెట్టాయి. షాపుకెళ్లి "5060 టీఐ ఇవ్వండి భాయ్" అంటే చేతికి ఏది వస్తుందో మరి!

ఇంకో సంగతి. రివ్యూలు చేసేవాళ్లకు ముందుగా అందింది 16 జీబీ కార్డే. 8 జీబీ కార్డును ఎన్విడియా వాళ్లకు పంపలేదు. బాగున్న సరుకునైతే ఎవరూ దాచుకోరు కదా. ఏఎండీ కూడా పెద్దగా తక్కువ తినలేదు. ఎక్కువ మంది 1080పీలోనే ఆడతారు, వాళ్లకు 8 జీబీ చాలన్నది ఆ కంపెనీ అధికారి ఫ్రాంక్ ఏజోర్ చేసిన వాదన. 1080పీ వాడేవాళ్లు ఎక్కువన్నది నిజమే. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివాటికి 8 జీబీ సరిపోతుంది కూడా. కానీ అవి మాత్రమే ఆడేవాళ్లకు ఇంత ఖరీదైన కార్డు ఎందుకు?

కొత్త ఆటల సంగతి వేరు. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్‌కు కనీస అర్హతే 8 జీబీ కార్డు. అంటే ఈరోజు కొత్తగా కొనే కార్డు మొదటి మెట్టు మీదే నిలబడుతోందన్నమాట. కార్డులో మెమరీ నిండిపోతే మిగతా డేటా కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. అక్కణ్ణుంచి మదర్‌బోర్డు స్లాట్ గుండా వచ్చిపోతూ ఉండాలి. ఆ దారి చాలా ఇరుకు, అందుకే ఆట మధ్యలో పట్టి పట్టి ఆగుతుంది.

మన దగ్గర ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. కొత్త కంప్యూటర్ మొత్తం కొనేవాళ్లు తక్కువ, పాత బోర్డు ఉంచుకొని కార్డు మాత్రం మార్చేవాళ్లే ఎక్కువ. నాలుగైదేళ్ల కిందటి చవక బోర్డుల్లో చాలావాటికి ఉన్నది పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 స్లాటే. 5060 టీఐ ఆ స్లాట్‌లో ఎనిమిది లేన్లే వాడుకుంటుంది, 9060 ఎక్స్‌టీ పదహారు వాడుకుంటుంది. పాత బోర్డు మీద 8 జీబీ 5060 టీఐ పెడితే ఇరుకు దారి ఇంకా ఇరుకవుతుంది. షాపువాళ్లలో ఈ మాట చెప్పేవాళ్లు అరుదు.

ఇక ధరలు. 2025లో ప్రకటించిన డాలర్ ధరలో పన్ను ఉండదు. డాలర్ 85 రూపాయలనుకుని, పైన 18 శాతం జీఎస్టీ కలిపితే 16 జీబీ ఏఎండీ సుమారు 35 వేలు, 16 జీబీ ఎన్విడియా సుమారు 43 వేలు అవుతాయి. డీలర్ లాభం వేరే. ఎనిమిది వేల తేడా! మామూలు ఆటల్లో ఎన్విడియా ముందుండేది కొద్ది శాతమే, రే ట్రేసింగ్‌లో ఇంకాస్త ఎక్కువ. ఆ ఎనిమిది వేలతో మంచి ఎస్‌ఎంపీఎస్ కొనుక్కోవచ్చు. కరెంటు కూడా ఏఎండీ 160 వాట్లు, ఎన్విడియా 180 వాట్లు.

అలాగని ఎన్విడియా దండగ అనలేం. బ్లెండర్, వీడియో ఎడిటింగ్, ఏఐ కోర్సులు చేసే విద్యార్థులకు కూడా (CUDA) బాగా ఉపయోగపడుతుంది, అది ఎన్విడియా కార్డుల మీదే నడుస్తుంది. పగలు చదువు, రాత్రి ఆట అనేవాళ్లకు 16 జీబీ 5060 టీఐ న్యాయమైన బేరమే. కేవలం ఆటల కోసమైతే 16 జీబీ 9060 ఎక్స్‌టీ. 8 జీబీ 5060 టీఐ మాత్రం ఎవరికి చెప్పాలో తెలియడం లేదు. 2025లో ప్రకటించిన ఖరీదు ఏఎండీ 16 జీబీ కంటే ఎక్కువ, మెమరీ అందులో సగం.

"ధరలు తగ్గాక కొందాం" అనే మాట కూడా ఇప్పుడు అంత సులువు కాదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగబడి కొంటుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. చిప్ ఖరీదు పెరిగితే ఆ దెబ్బ 16 జీబీ కార్డుల మీదే ఎక్కువ పడుతుంది.

దుబాయ్‌లోనో జెద్దాలోనో ఉన్న మామూతో తెప్పించుకుందామనుకునేవాళ్లు ముందు వారంటీ సంగతి కనుక్కోండి. కొన్న దేశంలోనే చెల్లే వారంటీలు చాలా ఉంటాయి. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా సరే, బిల్లు మీద కార్డు పేరుతో పాటు ఎన్ని జీబీయో, సీరియల్ నంబర్ ఎంతో రాయించుకున్నాకే డబ్బులివ్వండి.