ఆరు మిల్లీలీటర్లు తక్కువా?

గత మాసంలో ఒక సాయంత్రం, అసర్ నమాజు అనంతరం, మా పూర్వ విద్యార్థి ఒకడు రెండు స్కానింగు కవర్లు చేతబట్టుకొని మా వద్దకు వచ్చాడు. అతని తల్లికి మెదడులో కణితి. శస్త్రచికిత్స జరిగి ఏడాది కావస్తున్నది.

“ఉస్తాద్‌జీ, అప్పుడు ఎం.ఆర్.ఐ. తీసేటప్పుడు అమ్మీకి 12 మిల్లీలీటర్ల కాంట్రాస్ట్ మందు ఎక్కించారు. ఈసారి వేరే సెంటర్లో 6 మాత్రమే ఎక్కించారు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. సగం మందుతో తీసిన ఫిల్మును నమ్మేదెట్లా? ఎక్కువ మందుతో మరొకచోట తీయించమంటారా?” అని అడిగాడు.

మేము వైద్యులము కాము. నమ్మి అడిగిన వానికి ఊహించి జవాబు చెప్పడం తగదు గనుక, రేడియాలజీ విభాగంలో పనిచేస్తున్న మరొక శిష్యుని అడిగి తెలుసుకున్నాము.

ఈ మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. ఒంటరిగా అది విషం. అందుచేత దానిని మరొక అణువులో బంధించి ఇస్తారు. ఆరోగ్యవంతమైన మెదడులోని రక్తనాళాలు దానిని బయటికి పోనివ్వవు. కణితి ఉన్నచోట ఆ కట్టుబాటు దెబ్బతింటుంది, మందు ఊరుతుంది, ఫిల్ములో ఆ భాగం తెల్లగా మెరుస్తుంది. అయితే నెమ్మదిగా పెరిగే కణితులు కొన్ని మెరవకపోవచ్చు. మెరుపు లేదంటే కణితి లేదని కాదు.

మోతాదు శరీర బరువును బట్టి నిర్ణయమవుతుంది. సాధారణంగా కిలోకు 0.1 మిల్లీమోల్. గాడోటెరేట్ అనే మందు మిల్లీలీటరుకు 0.5 మిల్లీమోల్ గాఢతతో వస్తుంది. 60 కిలోల మనిషికి 12 మిల్లీలీటర్లు కావాలి. గాడోబుట్రాల్ గాఢత దానికి రెట్టింపు, 6 చాలు. రెండింటిలోనూ చేరే గాడోలినియం ఒక్కటే! చిక్కని పాలకు, నీళ్లు కలిపిన పాలకు కొలత ఒకటి కాదు గదా. 2022లో అమెరికాలో అనుమతి పొందిన గాడోపిక్లెనాల్‌కైతే కిలోకు 0.05 మిల్లీమోలే మోతాదు.

ఎక్కువ మందు ఎక్కిస్తే ఇంకా స్పష్టంగా కనిపించదా? మెదడుకు పాకిన చిన్న చిన్న కణితుల కోసం ఒకప్పుడు మూడింతల మోతాదు కూడా వాడారు. కాని 2006లో, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో చర్మమూ కీళ్లూ బిగుసుకుపోయే ఒక తీవ్రవ్యాధికి ఈ మందులతో సంబంధం బయటపడింది. 2014లో జపాను పరిశోధకులు, పలుమార్లు మందు తీసుకున్నవారి మెదడు లోపలి భాగాలలో దాని జాడలను సూచించే మార్పులను గమనించారు. వాటివల్ల హాని కలిగినట్లు రుజువు కాలేదు. అయినా 2017లో ఐరోపా నియంత్రణ సంస్థ, లోహాన్ని అంత గట్టిగా బంధించని కొన్ని పాతరకం మందులను నిలిపివేయాలని సిఫారసు చేసింది. అవసరమైనంతే, అంతకు మించి వద్దు అన్నదే నేటి వైద్యుల పద్ధతి. భయపడి అసలు వద్దనడమూ పొరపాటే. శస్త్రచికిత్స తరువాత కణితి మిగిలినదీ, మళ్లీ మొలిచినదీ ఈ మెరుపుతోనే చాలావరకు పసిగడతారు.

పాత ఫిల్ముతో కొత్తదానిని పోల్చేటప్పుడు మందు రకం, మోతాదు, ఎక్కించాక ఎంతసేపటికి తీశారన్నది మారితే మెరుపు కూడా మారవచ్చును. కనుక పాత ఫిల్ములు, సి.డి., మందు పేరు వెంట తీసుకువెళ్లాలి. మూత్రపిండాల జబ్బు, గర్భం, మునుపు ఇటువంటి మందు పడకపోవడం వంటివి ముందే చెప్పాలి.

మా శిష్యుడు కొత్త రిపోర్టు తెరిచి చూశాడు. గాడోబుట్రాల్, 6 మిల్లీలీటర్లు, బరువు 60 కిలోలు అని ఉన్నది.

“అక్కడ తూచారా?” అని అడిగాము.

“లేదు, ఉస్తాద్‌జీ. అడిగితే నేనే చెప్పాను. ఆపరేషనుకు ముందటి బరువు అది.” కాసేపు మౌనంగా ఉండి, “అమ్మీ ఇప్పుడు బాగా చిక్కిపోయింది” అన్నాడు.

మరునాడు ఫోను చేశాడు. తూచి చూస్తే 51 కిలోలే వచ్చిందట. ఆ లెక్కన కావలసినది 5 చిల్లర. తగ్గించారని తగువుకు బయలుదేరినవాడు, తన మాటవల్లనే తల్లికి ఒక చుక్క ఎక్కువ పడిందని తెలుసుకున్నాడు. అంతమాత్రం తేడాకు భయపడనక్కరలేదని రేడియాలజీలో ఉన్న శిష్యుడు చెప్పగా అతని మనసు కుదుటపడింది. తరువాతి స్కాను మూడు నెలలకు ఉన్నది. ఈలోగా ఇంటికి తూకపు యంత్రం కొన్నాడు.