పిల్లల ప్రాణాలకు అరువు లెక్కలు చాలవు

ఒళ్లు జ్వరంతో కాలిపోతుంటుంది, అరికాళ్లు మాత్రం చల్లబడి ఉంటాయి. ఎంత పిలిచినా బిడ్డ కళ్లు తెరవదు. తండ్రి భుజాన వేసుకుని క్యాజువాల్టీలోకి పరుగెత్తుకొస్తే, డ్యూటీ డాక్టర్ నరం వెతికి మొదట పెట్టేది సెలైన్. ఊళ్లో ఆర్‌ఎంపీ అయినా, నగరంలో పెద్దాసుపత్రి అయినా ముందు చేయి పోయేది ఆ సీసా మీదికే. షాక్‌లోకి జారుతున్న బిడ్డకు ద్రవాలు త్వరత్వరగా ఎక్కించాలని దశాబ్దాలుగా వైద్య విద్యార్థులు నేర్చుకున్నారు, తమ తర్వాతివాళ్లకు నేర్పారు. అందరి పిల్లలకూ, అన్నిచోట్లా అది మేలే చేస్తుందా అని గట్టిగా పరీక్షించి చూసినవారు మాత్రం చాలాకాలం లేరు.

2009 జనవరి నుంచి రెండేళ్లపాటు ఉగాండా, కెన్యా, టాంజానియాల్లోని ఆరు ఆసుపత్రుల్లో కాథరిన్ మెయిట్‌లాండ్ అనే పిల్లల వైద్యురాలి నాయకత్వంలో ఆ పరీక్ష జరిగింది. ‘ఫీస్ట్’ అన్నది ఆ పరిశోధన పేరు. తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన 3,141 మంది పిల్లలను చీటీలు తీసినట్టు మూడు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి సెలైన్, మరో వర్గానికి ఆల్బుమిన్ వేగంగా ఎక్కించారు. మూడో వర్గానికి అలా నింపకుండా, రోజువారీ అవసరానికి సరిపడా ద్రవాలే ఇచ్చారు. మిగతా వైద్యం అందరికీ ఒక్కటే. వేగంగా ఎక్కించిన పిల్లలే ఎక్కువమంది బతుకుతారని వైద్యలోకం నమ్మకం. 48 గంటల్లో ఆల్బుమిన్ వర్గంలో 10.6 శాతం, సెలైన్ వర్గంలో 10.5 శాతం పిల్లలు చనిపోయారు. ద్రవాలు నింపని వర్గంలో చనిపోయింది 7.3 శాతమే. స్వతంత్ర పర్యవేక్షణ సంఘం సలహాతో, కొత్త పిల్లలను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు.

అంటే నూటికి ముగ్గురు అదనంగా పోయారు. అక్కడ ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, మందు కల్తీ కాలేదు. పుస్తకంలో ఉన్నట్టే చేసిన వైద్యం ఆ పిల్లల ప్రాణం తీసింది. ఆ పరీక్షే జరగకపోయి ఉంటే, అలాంటి మరెన్ని వార్డుల్లో మరెంతమంది అలాగే పోయేవారో, జ్వరమే మింగేసిందని తల్లిదండ్రులు ఎలా సరిపెట్టుకునేవారో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

ఇది చదివి సెలైన్ అంటేనే భయపడనక్కర్లేదు. విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లలను ఆ పరిశోధనలో చేర్చలేదు. వారికి ద్రవాలే ప్రాణం. పైగా, ఫీస్ట్ జరిగిన ఆసుపత్రుల్లో వెంటిలేటర్ ఉన్న ఐసీయూలు లేవు. ఇక మన వానాకాలపు శత్రువు డెంగీ మరో రకం. రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోయే డెంగీ షాక్‌లో ద్రవం ఎక్కించకపోతేనే ప్రమాదం. ఏ ద్రవం మేలన్న ప్రశ్నకు వియత్నాం వైద్యులు 383 మంది పిల్లలతో పరిశోధన చేసి 2005లో జవాబిచ్చారు. ఓ మోస్తరు షాక్‌కు ఖరీదైన ద్రావణాలు అక్కర్లేదని, చౌకగా దొరికే రింగర్స్ లాక్టేట్ చాలని తేల్చారు. పేద దేశాల ఆసుపత్రులకు అది ఎంత పెద్ద ఉపకారం!

ఇప్పుడు మన వార్డుకు రండి. సెప్టెంబరు నెలలో పక్కపక్క మంచాల మీద ఇద్దరు పిల్లలు ఒకేలాంటి జ్వరంతో, ఒకేలాంటి చల్లని చేతులతో పడుకుని ఉంటారు. ఒకరిది డెంగీ, మరొకరిది రక్తంలో ఇన్ఫెక్షన్, అంటే సెప్సిస్. లేదా మలేరియా, లేదా స్క్రబ్ టైఫస్. రక్తపరీక్ష ఫలితం వచ్చేలోపే చేయి కదపాలి. ఆఫ్రికా జవాబు వర్తిస్తుందా, వియత్నాం జవాబా? పిల్లల సెప్సిస్‌పై 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఐసీయూ ఉన్నచోట ఒక మాట, లేనిచోట మరో మాట చెబుతున్నాయి. మన దగ్గర ఒకే జిల్లాలో ఈ రెండు లోకాలూ ఉన్నాయి. బోధనాసుపత్రిలో వెంటిలేటర్ ఉంటుంది. అరవై కిలోమీటర్ల అవతల ఏరియా ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటే గొప్ప. ఆ డాక్టర్‌కు దారి చూపాల్సిన పరిశోధన ఈ నేల మీద, ఈ పిల్లలతో, ఈ వసతుల మధ్యే జరగాలి. అందుకు డబ్బు, చట్టం, వ్యవస్థ సమకూర్చడం ప్రభుత్వాల బాధ్యత అన్నది ఈ పత్రిక నిశ్చితాభిప్రాయం.

మనవల్ల కాదనే వారికి మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతం జవాబు చెబుతుంది. 1976లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ఎర్ర తేలు కుట్టిన పిల్లలు నోట గులాబీ రంగు నురగతో కళ్లముందే చనిపోవడం చూశారు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ రాళ్లకిందా, పిడకల గూళ్లలోనూ దాక్కునేది కూడా ఈ తేలే. పెద్దవాళ్లను నొప్పితో ఏడిపించి వదిలే విషం పసివాళ్ల గుండెను కుదేలు చేస్తుంది. ఆయన రాత్రులు మంచాల పక్కనే కూర్చున్నారు. నాడి, రక్తపోటు, ఊపిరి గంటగంటకూ రాసుకున్నారు. విషం రక్తనాళాలను బిగించేస్తోందని, ఆ భారం మోయలేక గుండె ఓడిపోతోందని గ్రహించి, వాటిని సడలించే ప్రజోసిన్ అనే చవక బీపీ మాత్రను వాడి చూశారు. ఒకప్పుడు తీవ్రంగా విషమెక్కినవారిలో ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతంలోపుకి దిగాయి. ఆ పరిశీలనలు ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి. ప్రజోసిన్‌తో పాటు విషానికి విరుగుడు సీరం కూడా ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో బావస్కర్ దంపతులు మరో పరిశోధనతో నిరూపించారు. ఎర్ర తేలు లేని దేశాలవారు మనకోసం ఈ పని చేసిపెడతారా?

ఒక్కరి దీక్ష తేలుకు సరిపోయింది. కానీ చాలా ప్రశ్నలకు ఒక్క ఆసుపత్రి చాలదు. అమెరికాలో 2001లో కొన్ని పిల్లల అత్యవసర విభాగాలు కలిసి ప్రభుత్వ నిధులతో పెకార్న్ అనే పరిశోధనా వేదికను ఏర్పాటు చేసుకున్నాయి. తలకు దెబ్బ తగిలిన 42,412 మంది పిల్లల వివరాలను 25 ఆసుపత్రుల్లో ఒకే పద్ధతిలో సేకరించి, ఎవరికి సీటీ స్కాన్ అక్కర్లేదో 2009లో తేల్చారు. పసి మెదడు మీద అనవసరంగా పడే రేడియేషన్‌ను తప్పించే సూత్రం అది. మనకు అలాంటి వేదిక ఎందుకు ఉండకూడదు? 108 అంబులెన్సు తొలిసారి 2005 ఆగస్టు 15న కదిలింది హైదరాబాద్ నుంచే. నిలోఫర్, తిరుపతి రుయా, విశాఖ కేజీహెచ్, వరంగల్ ఎంజీఎం, కర్నూలు సర్వజన ఆసుపత్రులకు వచ్చే పిల్లల సంఖ్య ఏ దేశపు పరిశోధకులకైనా సరిపోయేంత. అయితే ఆ పిల్లల కథ కేస్‌షీట్‌తో పాటే రికార్డు గదిలో మూలన పడుతోంది.

పరిశోధన అనగానే మన గిరిజన పల్లెల్లో ఉలిక్కిపడతారు. వారి భయానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాదిమంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, చాలా సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. తల్లిదండ్రులకు చెప్పనైనా చెప్పలేదు. ఆ తర్వాత సంభవించిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పినా, సమ్మతి తీసుకున్న తీరు తప్పేనని తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని కటువుగా ఖండించింది. ఆ గాయాన్ని మరచి ముందుకు పోదామని మేం అనం. మరచిపోకూడదు కూడా.

అత్యవసర వైద్యంలో సమ్మతి మరింత చిక్కు ప్రశ్న. ఫిట్స్‌తో కొట్టుకుంటున్న బిడ్డ పక్కన నిలబడ్డ తల్లికి ఆరు పేజీల పత్రం ఇచ్చి చదివి సంతకం పెట్టమనడం క్రూరం. ఆ సంతకానికి అర్థమూ లేదు. బ్రిటన్ 2008లో చట్టం సవరించి, ఇలాంటి వేళ ముందు వైద్యం మొదలుపెట్టి, బిడ్డ కుదుటపడ్డాక తల్లిదండ్రులను అడిగే వీలు కల్పించింది. ఫీస్ట్‌లోనూ వెంటనే రాతపూర్వక సమ్మతి వీలుకానిచోట ముందు నోటిమాటగా అనుమతి తీసుకుని, తర్వాత తీరిగ్గా వివరించి సంతకం అడిగారు. మన నిబంధనల్లోనూ అలాంటి దారి స్పష్టంగా రాయాలి. కానీ కొన్ని కంచెలు వేసి తీరాలి. ఇప్పటికే వాడుకలో ఉన్న చికిత్సలను పోల్చడానికే ఆ వెసులుబాటు ఇవ్వాలి, కంపెనీల కొత్త మందులకు వద్దు. వివరణ తెలుగులో, ఉర్దూలో, కోయలో, లంబాడీలో నోటితో చెప్పాలి. వద్దన్న తల్లి బిడ్డకు వైద్యం ఇసుమంతైనా తగ్గకూడదు. నైతిక సంఘంలో ఆ ప్రాంతపు తల్లిదండ్రులు కూర్చోవాలి. వార్డెన్ సంతకం ఎప్పటికీ చెల్లకూడదు.

ఒకే మంచం మీద ఇద్దరేసి పిల్లలుంటే పరిశోధన దేనికని అడిగేవారున్నారు. మంచాలు కావాలి, నర్సులు కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఫీస్ట్ జరిగిన ఆసుపత్రులకు ఆ పరిశోధనతో పాటే సిబ్బందికి శిక్షణ, ఆక్సిజన్ అందించే వసతి, గంటగంటకూ బిడ్డను చూసే అలవాటు వచ్చాయి. పైగా, తెలియని చోట అంచనాతో చేసే వైద్యమూ ప్రయోగమే. దాని లెక్క ఎవరూ రాయరు, అంతే తేడా.

మొదటి అడుగుకు పెద్ద ఖర్చు లేదు. మన వైద్య కళాశాలల్లో పిల్లల విభాగంలో చేరిన ప్రతి పీజీ విద్యార్థీ థీసిస్ రాయాల్సిందే. ఎవరి అంశం వారిది, ఏ కళాశాల లెక్క దానిది. యాభై, వంద కేసులతో ముగించి, అట్ట వేసి, లైబ్రరీలో పెట్టేస్తారు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం ఒక్క మాట మీదికి వచ్చి, జ్వరంతో షాక్‌లోకి జారిన పిల్లలకు ఎంత ద్రవం, ఎంత వేగంగా ఇచ్చారు, ఆ పిల్లలు ఏమయ్యారు అన్న ఒకే ప్రశ్నను, ఒకే ఫారంతో, పది కళాశాలల్లో రాయిస్తే ఏడాదిలో చేతికి వచ్చే లెక్క ఇప్పటిదాకా ఏ ఒక్క కళాశాలా తీయలేనంత పెద్దది. దానిపైన అసలు పరిశోధన కట్టుకోవచ్చు. కొత్త బ్యాచ్ పీజీలు థీసిస్ అంశాలు సమర్పించే గడువులోపే రెండు విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లు కూర్చుని ఆ ఫారం ఖరారు చేయాలి.