కిటికీ కొలత ఎవరి సొత్తు?

ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిబట్లలో విమాన భాగాలు తయారవుతాయి. ఇటు సాగర్ రోడ్డు పొడవునా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఈ రెండు పనులకూ ఓ చుట్టరికం ఉంది. యంత్ర భాగాల కంప్యూటర్ నమూనాలు ఇచ్చిపుచ్చుకోవడానికి 1990ల్లో వచ్చిన ‘స్టెప్’ ప్రమాణపు రాతనే భవనాల నమూనాలను పంచుకునే ఐఎఫ్‌సీ ఫైలూ వాడుకుంటుంది. 2013లో ఐఎఫ్‌సీ కూడా ఐఎస్‌ఓ 16739 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అక్షరాలు కనిపిస్తాయి. అర్థమవుతాయా అంటే, అది వేరే సంగతి!

కిటికీల కంపెనీ తన నమూనాను ఒక్క సాఫ్ట్‌వేర్‌కే సరిపడేలా ఇస్తే, దాన్ని కొనలేని చిన్న ఇంజనీరు అంతా మళ్లీ గీసుకోవాలి. ఐఎఫ్‌సీలో ఇస్తే ఆకారంతోపాటు అద్దం ఎంత వేడిని లోపలికి రానిస్తుందో కూడా వెంట రావచ్చు. కానీ వెడల్పు మారిస్తే చట్రమంతా దానంతటదే సర్దుకునే తెలివి మాత్రం చాలావరకు దారిలోనే జారిపోతుంది. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ బేరం గురించే.