నీళ్ళు తాగిన బేరింగ్

26 ఏళ్ళుగా మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. మెషీన్ డిజైన్‌లో బేరింగుల అధ్యాయం వచ్చినప్పుడు బోర్డు మీద 6205 అని రాస్తాను. చివరి రెండంకెలను ఐదుతో హెచ్చవేస్తే లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు అని చెబుతాను. లోడు సగానికి తగ్గితే బాల్ బేరింగ్ ఆయుర్దాయం 8 రెట్లు పెరుగుతుందనీ చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. 2023 వానాకాలం దాకా ఆరునెలలపాటు మా ఇంటి వాషింగ్ మిషన్‌లో అదే 6205 అరుస్తూ ఉంది. ఆ అరుపు బేరింగుదని నేను గుర్తుపట్టలేదు.

అది 2013 దసరాకి కొన్న 7 కిలోల ఫ్రంట్ లోడ్ మిషన్. మొదట్లో బట్టలు పిండే చివరి నిమిషాల్లో మాత్రమే చిన్న గరగర వచ్చేది. "శబ్దం మారిందండీ, ఒకసారి చూడండి" అని నా భార్య రెండుసార్లు చెప్పింది. పాతబడింది కదా అన్నాను. మూడోసారి ఆమె చెప్పలేదు. నెలలు గడిచేకొద్దీ అది రోలులో కంకర తిప్పినట్టయింది. మేం చేసిందల్లా బాల్కనీ తలుపు మూసుకోవడం.

నిజానికి చెడిపోవడం అంతకు చాలా ముందే మొదలైంది. మా అపార్టుమెంటుది బోరునీళ్ళు. ఆ ఉప్పునీటికి నురగ రావడం లేదని పొడి రెట్టింపు పోశాం. తడిస్తే ఎంత బరువవుతాయో ఆలోచించకుండా రెండు దుప్పట్లు కలిపి కుక్కాం. ఉతికాక తలుపు తెరిచి ఆరనివ్వాలని కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పకుండా పదేళ్ళు బీరువాలో పడి ఉంది. మా ఇంట్లో ఉతకడం ఆవిడ పని, మిషన్ కొనడం నా పని. దాన్ని చూసుకోవడం ఎవరి పనీ కాలేదు. ఈ మాట ఇరుగుపొరుగు ఇళ్ళకూ వర్తిస్తుందని నాకు తెలుసు. కాని ముందు మా ఇంటి సంగతే చెప్పాలి.

చివరికి నీళ్ళు కారడం మొదలయ్యాక మెకానిక్‌ని పిలిచాం. వచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. మల్లేపల్లి ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశానని మాటల మధ్య చెప్పారు. మిషన్ ఆన్ చెయ్యమనలేదు. తలుపు తీసి, డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకీ కిందికీ కదిపారు. లొడలొడలాడింది. వెనక రేకు విప్పి, బెల్టు తీసేసి, స్క్రూడ్రైవర్ మొనను డ్రమ్ము బయటి తొట్టి మధ్యలో ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకున్నారు. రెండో చేత్తో పుల్లీని మెల్లగా తిప్పారు. తర్వాత ఆ స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి వినమన్నారు. విన్నాను. లోపల ఒక్కొక్క బాలూ ఎక్కడ గరుకుదేలిందో వినిపిస్తోంది. మా కాలేజీ ల్యాబులో కంపనాలు కొలిచే పరికరం ఒకటుంది. తనిఖీ బృందం వచ్చినప్పుడు దాని బీరువా తాళం తీస్తాం. ఒక యంత్రం లోపలి శబ్దాన్ని నా చెవితో నేను వినడం ఎన్నేళ్ళ తర్వాతో లెక్క చెప్పలేను.

పుల్లీ వెనక నుంచి కిందికి కారిన తుప్పు చారను వేలితో చూపించారు. షాఫ్టు చుట్టూ రబ్బరు సీలు ఉంటుంది. అది అరిగితే సబ్బునీళ్ళు బేరింగులోకి దిగుతాయి. గ్రీజు కొట్టుకుపోతుంది. బాల్సు తుప్పు పడతాయి. అలాగే తిప్పుతూ పోతే షాఫ్టు కూడా అరుగుతుంది. ఇదంతా ఆయన ఒక్క నిమిషంలో చెప్పారు. నాకు పౌరుషం వచ్చినట్టుంది. "లెక్క ప్రకారం ఈ బేరింగు ఇంకా చాలా ఏళ్ళు రావాలే" అన్నాను.

"నీళ్ళు తాగిన బేరింగుకు లెక్క ఉండదు సార్" అన్నారాయన.

ఆ సంగతి పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. ఆయుర్దాయం సూత్రం పనిచేయాలంటే శుభ్రమైన గ్రీజు, తేమా ధూళీ చొరబడని సీలు ఉండాలి. 26 ఏళ్ళలో ఆ షరతును నేను బోర్డు మీద రాయలేదు. పరీక్షలో అడగరు కాబట్టి రాయలేదు.

ఇక డబ్బు సంగతి. బేరింగులు రెండే, 6205, 6206. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రెండూ కలిపి వందల్లోనే దొరుకుతాయి. చిక్కు తొట్టితో వచ్చింది. ప్లాస్టిక్ తొట్టి రెండు సగాలనూ ఫ్యాక్టరీలోనే అతికించేశారు. విప్పుదామంటే బోల్టులు లేవు. రంపపు బ్లేడుతో అతుకు వెంట కోసి, షాఫ్టు సరిచేసి, బేరింగులూ సీలూ మార్చి, చుట్టూ రంధ్రాలు వేసి బోల్టులతో బిగించి, సందుల్లో సిలికాన్ పట్టించాలి. రెండు రోజుల పని. అన్నీ కలిపి 4,800 రూపాయలు, ఆరునెలల గ్యారంటీ అన్నారు. శబ్దం మొదలైనప్పుడే పిలిచి ఉంటే షాఫ్టు పాడయ్యేది కాదు, 3,000లో అయిపోయేదన్నారు. కంపెనీ సర్వీసుకు ఫోన్ చేస్తే తొట్టి మొత్తం మార్చాలి, 11,500 అవుతుంది, సరుకు ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. కొత్త మిషన్ 33,000.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చెయ్యాలని అందరూ చెప్పే లెక్క ఒకటుంది. అది మంచి లెక్కే. లోపలి బాడీ తుప్పు తినేసినా, సర్క్యూట్ బోర్డు మార్కెట్లో దొరక్కపోయినా కొత్తది కొనడమే న్యాయం. కాని 4,800 అంటే 33,000లో ఏడో వంతు. లెక్క ఎటు చెబుతోందో మూడో తరగతి పిల్లవాడికైనా తెలుస్తుంది. మేం ఆ లెక్క వెయ్యలేదు. మా నిర్ణయం అప్పటికే అయిపోయింది. దానికి కారణాలు మాత్రం తర్వాత వెతుక్కున్నాం.

డాలస్‌లో ఉన్న మా అబ్బాయి వీడియో కాల్‌లో ఉన్నాడు. వాడూ మెకానికల్ చదివినవాడే, ఇప్పుడు సాఫ్ట్‌వేర్. "నాన్నా, తొట్టి కోస్తాడా? మంచి పార్టులు తీసేసి పాతవి పెడతాడు. ఎందుకొచ్చిన గొడవ, నేను ఆర్డరు పెట్టేస్తాను" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. నేను నా కొడుకును వారించలేదు. పైగా "3,000కి చెయ్యి, లేకపోతే వద్దు" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. చూసినందుకు 300 అన్నారు. చూడ్డానికే 300 ఏంటని 200 ఇచ్చాను. తీసుకుని, విప్పిన స్క్రూలన్నీ తిరిగి బిగించి, నేల మీద పడ్డ తుప్పు పొడిని గుడ్డతో తుడిచి వెళ్ళిపోయారు.

ఇందాకటి నుంచి 'ఆయన', 'అన్నారు' అని రాస్తున్నాను. ఆ రోజు అలా మాట్లాడలేదు. ఆ గంటసేపూ 'నువ్వు' అనే అన్నాను. ఆయన నా ఈడువాడే. మా కాలేజీలో కొత్తగా చేరే 25 ఏళ్ళ లెక్చరర్‌ను 'మీరు' అని పిలుస్తాను. ఆ అబ్బాయి చేతికి ఎప్పుడైనా గ్రీజు అంటిందో లేదో అడగను. చేతికి గ్రీజు ఉంటే నువ్వు, చొక్కా జేబులో పెన్ను ఉంటే మీరు. ఎవరూ నేర్పకుండానే మా అందరికీ వచ్చేసిన వ్యాకరణం ఇది.

మా నాన్నకు ఈ వ్యాకరణం రాదు. మిర్యాలగూడలో ఆయనకు నల్లటి సైకిలుండేది. ఏడాదికోసారి ఓవర్‌హాలింగ్‌కి ఇచ్చేవారు. షాపులో ఒక పెద్దాయన చక్రాల ఇరుసులు విప్పి, బాల్సును సొట్టలు పడ్డ పళ్ళెంలో పోసి కిరోసిన్‌తో కడిగేవారు. ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, మచ్చ పడ్డది పక్కన పడేసేవారు. నాన్న ఆయనను "అన్నా" అని పిలిచేవారు. పని అయ్యేదాకా పక్కనే స్టూలు మీద కూర్చునేవారు, ఇద్దరికీ చాయ్ తెప్పించేవారు. ఎంతయిందంటే అంత ఇచ్చేవారు. బేరింగు గురించి నేను మొదట తెలుసుకున్నది ఆ పళ్ళెం దగ్గరే. నన్ను ఇంజినీరింగ్ చదివించింది కూడా ఆ కుతూహలమే. చదువు పూర్తయ్యేసరికి ఆ పళ్ళెం ముందు కూర్చునే మనిషిని నేను మనిషిగా చూడటం మానేశాను.

షోరూమ్‌లో బేరం ఆడలేదు. 33,000కి వాయిదాలు కట్టడానికి సంతకం పెట్టాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి అదనపు వారంటీ 3,500 అంటే దానికీ ఒప్పుకున్నాను. మెకానిక్ దగ్గర నేను తగ్గించమన్నది 1,800. కొత్తదానికి నక్షత్రాలు ఎక్కువ, కరెంటు ఆదా అవుతుందని నా భార్యకు చెప్పాను. వాషింగ్ మిషన్ వాడే కరెంటులో పెద్ద భాగం నీళ్ళు వేడిచెయ్యడానికే పోతుంది. మేం పదేళ్ళూ చన్నీళ్ళతోనే ఉతికాం. ఆదా అయ్యేది చాలా కొంచెమని తెలిసే ఆ మాట చెప్పాను. ఆమె నన్ను నమ్మింది, ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి.

పాతదానికి 2,000 తగ్గించారు. ఊగకుండా ఉండటానికి ఫ్రంట్ లోడ్ మిషన్లలో కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు. ఆ బరువంతా ఇద్దరు కుర్రాళ్ళు మూడు అంతస్తులు మెట్ల మీదుగా మోసుకుపోయారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడగలేదు. వాషింగ్ మిషన్‌ను ఈ-వ్యర్థాల జాబితాలో చేర్చిన నిబంధనలు 2012 నుంచే అమల్లో ఉన్నాయి. తయారీదారుల మీద బాధ్యత పెంచిన కొత్త నిబంధనలు సరిగ్గా మేం మిషన్ మార్చిన ఏడాదే, 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. నేను మాత్రం తగ్గింపు రసీదు ఒక్కటే అడిగి తీసుకున్నాను. పాత మిషన్‌లోని రాగి తీగను ఎవరైనా బయట కాల్చి ఉంటే ఆ పొగ పీల్చింది ఎవరో నాకు తెలియదు. ప్రపంచం మొత్తం మీద 2022లో పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. అందులో లెక్కకు వచ్చేలా సేకరించి రీసైకిల్ చేసినది నాలుగో వంతు కూడా లేదు. మా మిషన్ మిగతా మూడు వంతుల్లోకే పోయి ఉంటుందనుకుంటున్నాను.

ఇదంతా ఒక ఇంటి తప్పయితే ఇంత రాయాల్సిన పని లేదు. యంత్రాల రూపకల్పన నేర్పడం నా వృత్తి. నాలాంటివాళ్ళం తెలుగు నేల మీద వేలమందిమి ఉన్నాం. తొట్టిని విప్పడానికి వీల్లేకుండా అతికించడం రూపకల్పనలో దోషమని గట్టిగా చెప్పాల్సింది ఎవరు? కొనేవాళ్ళకు తెలియదు. మెకానిక్ చెబితే ఎవరూ వినరు. మేం చెప్పాలి. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి వాషింగ్ మిషన్ల ముఖ్యమైన విడిభాగాలను కనీసం 10 ఏళ్ళపాటు అందుబాటులో ఉంచాలనే నియమం ఉంది. మన దేశంలో 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచారు. ఆ వార్త చదివాను, పేపరు మడిచి పక్కన పెట్టాను. మా శాఖలో ఇరవైమంది అధ్యాపకులం ఉన్నాం. తొట్టికి పన్నెండు బోల్టులు పెట్టమని అడుగుతూ ఏ కమిటీకీ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఆ ఏడాది అందరం కలిసి పత్రాలు మాత్రం చాలా ప్రచురించాం.

ఇంకా లోతైన తప్పు మా వర్క్‌షాపులో ఉంది. మొదటి ఏడాది పిల్లలు ఇనప ముక్కలను ఆకురాయితో అరగదీసి ఒకదాంట్లో ఒకటి కూర్చే ఫిట్టింగ్ పని చెయ్యాలి. చేతులు బొబ్బలెక్కుతాయి. చాలామంది చెయ్యరు. ల్యాబ్ అసిస్టెంటు చేసిపెట్టిన ఒక్క ముక్కనే నలుగురు చూపిస్తారు. రికార్డు పక్కవాడిది చూసి రాస్తారు. మాకు తెలుసు. తెలిసే మార్కులు వేస్తాం, శాతం తగ్గితే యాజమాన్యం అడుగుతుంది కాబట్టి. ఆ ల్యాబ్ అసిస్టెంటు కూడా ఐటీఐ చదివినాయనే. ఆయన స్టాఫ్‌రూములో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పిల్లలు అది కూడా గమనిస్తారు. చేత్తో పని తెలిసిన మనిషి ఎక్కడ కూర్చుంటాడో మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటారు. మా అబ్బాయి స్పీకర్‌లో అన్న మాట వాడికి డాలస్ నేర్పింది కాదు.

2024లో శాఖ సమావేశంలో నేనొక ప్రతిపాదన పెట్టాను. పాత వాషింగ్ మిషన్లు, మిక్సీలు నాలుగైదు తెచ్చి వర్క్‌షాపులో పెడదాం, పిల్లల చేత విప్పించి బిగించిద్దాం, మెకానిక్‌లను పిలిచి వాళ్ళకు గౌరవ వేతనం ఇచ్చి చెప్పిద్దాం అన్నాను. సిలబస్‌లో లేదన్నారు ఒకరు. గంటలు సరిపోవన్నారు మరొకరు. డిగ్రీ లేనివాళ్ళను అతిథి అధ్యాపకులుగా ఎలా చూపిస్తామని మూడోవారు అడిగారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నా స్నేహితులు. నేను రెండోసారి అడగలేదు. సమావేశం వివరాల పుస్తకంలో ఆ అంశం ఎదురుగా 'తర్వాత పరిశీలిద్దాం' అని రాసి ఉంది. కింద నా సంతకం కూడా ఉంది.

ఆ మెకానిక్‌కు బాకీ ఉన్న 100 రూపాయలు ఇద్దామని ఒకరోజు ఫోన్ చేశాను. నంబరు మనుగడలో లేదని వచ్చింది. వీధి చివర ఆయన కూర్చునే చిన్న షాపులో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు.

మొన్నటి సెమిస్టరు ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. ఒక యంత్రంలో 6205 బేరింగ్ ఉంది, లోడు ఇంత, నిమిషానికి చుట్లు ఇన్ని, ఆయుర్దాయం ఎంత? అరవైమందిలో యాభై ఇద్దరు సరిగ్గా రాశారు. పూర్తి మార్కులు వేశాను. నీళ్ళు లోపలికి దిగితే ఏమవుతుందో ఈసారి కూడా అడగలేదు.