తెరపై పాఠం – గట్టుపై ప్రయోగం

విజ్ఞానశాస్త్రం కేవలం వినికిడివల్ల అబ్బే విద్య కాదు. ప్రశ్నించి, ఊహించి, ప్రయోగించి, వచ్చిన ఫలితాన్ని తన ఊహతో పోల్చి చూచుకొన్నప్పుడే అది విద్యార్థికి సొంతమవుతుంది. ఈ మాటను కాదనేవారు లేరు. ఆచరించేవారు మాత్రం అరుదు. పరీక్షలు దగ్గరపడినప్పుడు తప్ప ప్రయోగశాల తలుపులు తెరుచుకోని కళాశాలలు లేకపోలేదు. రికార్డు పుస్తకంలో ఒకరి అంకెలను మరొకరు ఎత్తి రాసుకోవడం పలుచోట్ల ఆచారంగా మారింది. ఇటువంటి స్థితిలో ఆన్‌లైన్ చదువు వచ్చి చేరింది. అది ఈ రుగ్మతను ముదరబెడుతుందా, నయం చేస్తుందా అన్నది నేడు ఆలోచించవలసిన విషయం.

దూరం నుండి పాఠం చెప్పే ప్రయత్నం మన దేశానికి కొత్తది కాదు. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. 2004 సెప్టెంబరు 20న విద్యాబోధన కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుండి నింగికెగసింది. 2017లో స్వయం వేదిక ప్రారంభమైంది. 2020లో కరోనా కారణంగా విద్యాసంస్థలు మూతపడినప్పుడు సెల్‌ఫోనే తరగతి గది అయింది. ఇన్ని మార్పులలోనూ మారనిది ఒక్కటే. చెప్పేవారు చెబుతూనే ఉన్నారు. విద్యార్థి చూస్తూనే ఉన్నాడు.

చూడటానికీ చేయడానికీ మధ్య ఉన్న అంతరం ఎంతటిదో పరిశోధనలు తెలియజేశాయి. విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు, గణితం తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను క్రోడీకరించిన ఒక పరిశోధన అమెరికాలో 2014లో వెలువడింది. ఉపన్యాసం మాత్రమే వినే విద్యార్థులు ఉత్తీర్ణులు కాకపోయే అవకాశం, పాఠంలో పాలుపంచుకొనే విద్యార్థులతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు ఎక్కువని అది తేల్చింది. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ అనే అనుకరణ ప్రయోగాల ప్రణాళికకు శ్రీకారం చుట్టారు. మన దేశంలోనూ వర్చువల్ ల్యాబ్స్ పేరుతో ప్రయోగాలు తెరమీదికి వచ్చాయి. ఇవన్నీ స్వాగతించదగినవే. అయితే మీట నొక్కితే బొమ్మ కదలడం ఒక్కటే పాల్గొనడం కాదు. విద్యార్థి మనస్సు కదలాలి. అందుకు పాఠం అతని పరిసరాలలో నుండి పుట్టాలి.

గోదావరి డెల్టాలో అటువంటి పాఠాలకు కొదవ లేదు. భీమవరం పరిసరాల రొయ్యల చెరువులనే తీసుకోవచ్చు. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ ఏ వేళ అతి తక్కువగా ఉంటుంది? ఈ ప్రశ్న తెరమీద కనబడగానే సమాధానం చూపకూడదు. విద్యార్థి ముందుగా తన ఊహను, దానికి కారణాన్ని నమోదు చేయాలి. మిట్టమధ్యాహ్నమని కొందరు రాయవచ్చు. నీరు వేడెక్కినకొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుందని వారు చదివి ఉంటారు. ఆ సూత్రం సత్యమే. సమాధానం మాత్రం సరికాదు. పగలు శైవలాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. రాత్రివేళ ఆ క్రియ ఆగిపోతుంది. శ్వాసక్రియ మాత్రం ఆగదు. కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. రైతులు రాత్రంతా ఏరేటర్లు తిప్పేది అందుకే. ఆ వేళ కరెంటు పోతే ఒక కుటుంబం పెట్టిన పెట్టుబడి తెల్లారేసరికి నీటిపాలు కావచ్చు.

ఇక్కడ మంచి పాఠం చేయవలసిన పని ‘తప్పు’ అని ఎర్రగుర్తు పెట్టడం కాదు. విద్యార్థి ఆలోచనలో ఎంతవరకు నిజముందో, ఏ అంశం లోపించిందో చెప్పాలి. తరువాత రెండు గాజుసీసాలలో హైడ్రిల్లా మొక్కను ఉంచి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టి, నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో లెక్కించమనాలి. నిడదవోలు విద్యార్థి లెక్క, రాజోలు విద్యార్థి లెక్క ఒకే పట్టికలో చేరాలి. అంకెలలో తేడాలు ఎందుకు వచ్చాయో వారే చర్చించుకోవాలి. పలుచోట్ల ఉన్న విద్యార్థుల పరిశీలనలను ఒకచోట చేర్చడమే ఆన్‌లైన్ చదువుకున్న అసలైన బలం. ఎవరి కొలత వారిదే కాబట్టి, ఎత్తి రాసుకోవడానికి అక్కడ తావుండదు.

గోదావరి వరద మరొక పాఠం. భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులు, ధవళేశ్వరం వద్ద 11.75, 13.75, 17.75 అడుగులు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికల మట్టాలు. భద్రాచలంలో 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల నీటిమట్టం నమోదైంది. వరదకాలంలో ప్రకటించే మట్టాలతో విద్యార్థులు రెండుచోట్లకూ గ్రాఫులు గీసి, పైన తగ్గుముఖం పట్టిన ఎన్ని గంటలకు కింద వరద తీస్తుందో అంచనా వేయవచ్చు. అంచనా తప్పితే, భద్రాచలానికి దిగువన కూనవరం వద్ద కలిసే శబరి నీటిని లెక్కించామా అన్న ప్రశ్న పుడుతుంది. నది దగ్గరకు పోకుండానే నదిని చదవడం ఇది. లంక గ్రామాలవారికి ఈ లెక్క మార్కులకు మించినది. పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో తెలిపేది.

ఖరీదైన పరికరాలు లేనిదే విజ్ఞానం లేదన్న భావన సరికాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. ద్రావణంలో ఏర్పడే నీలిరంగు ఎంత గాఢంగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ అన్నది దాని మూలసూత్రం. నాలుగు గాజుగ్లాసులలో సమానంగా నీరు పోసి, ఒకటి, రెండు, మూడు, నాలుగు సిరాచుక్కలు కలిపి, చుక్కల సంఖ్య తెలియని అయిదవ గ్లాసును వాటితో పోల్చి చూస్తే ఆ సూత్రం ఇంటిలోనే బోధపడుతుంది. ఆమ్లాలు, మంట అవసరమైన ప్రయోగాలను మాత్రం ఉపాధ్యాయుని సమక్షంలో ప్రయోగశాలకే విడిచిపెట్టాలి.

ఈ మార్గంలో అడ్డంకులున్నాయి. ఒకే ఫోను ముగ్గురు పిల్లలు పంచుకొనే ఇళ్లున్నాయి. సిగ్నలు అందని లంకలున్నాయి. అందుచేత కృత్యం కొద్దిపాటి డేటాతో తెరుచుకోవాలి. నోటుపుస్తకంలో చేసి తరువాత పంపే వీలుండాలి. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలతో నింపిన టాబ్లెట్లు పంపిణీ అయ్యాయి. పరికరం చేతికి అందడం మొదటి మెట్టు మాత్రమే. విద్యార్థి రాసిన కారణాన్ని చదివి స్పందించే గురువు లేనిదే రెండవ మెట్టు లేదు. అందుకు అధ్యాపకులకు శిక్షణతోపాటు తీరిక కూడా కల్పించాలి. వంద వీడియోలకు వెచ్చించే ధనంతో పది మంచి కృత్యాలను తయారుచేయడం మేలు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినంత మాత్రాన పొలాలు పండలేదు. కాలువలు, పంటబోదెలు తవ్వి నీటిని మడిమడికీ చేర్చినప్పుడే డెల్టా అన్నపూర్ణ అయింది. అంతర్జాలంలోని విజ్ఞానం కూడా అటువంటిదే. నిల్వ ఎంత ఉన్నా, ప్రతి విద్యార్థి ఆలోచనకూ, చేతికీ పని కల్పించినప్పుడే అది ఫలిస్తుంది. తెర ప్రశ్నను అందించాలి. సమాధానం కోసం విద్యార్థి గట్టుమీదికి నడవాలి.